క్లీన్ కొట్టావా?

కామేశ్వరరావు గారు ఏ పని మొదలుపెట్టినా ముందు పాతదంతా తుడిచేస్తారు. దీన్ని అలవాటు అంటే ఆయనకు కోపం. "అలవాటు కాదోయ్, పద్ధతి" అంటారు. వాళ్ళావిడ అనంతలక్ష్మి గారు మాత్రం "జబ్బు" అంటారు. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఆవిడ తోమి బోర్లించిన గిన్నెను ఆయన మళ్ళీ కడగకుండా స్టవ్ ఎక్కించిన రోజు ఒక్కటీ లేదట.

దోహాలో మా ఆఫీసు చేసే పని ఒక్కటే. కార్మికుల క్యాంపుల నుంచి సైట్లకు తిరిగే బస్సుల సాఫ్ట్‌వేర్. ఏ బస్సు ఎన్నింటికి ఏ గేటు దగ్గర ఆగాలో డ్రైవర్ ముందున్న స్క్రీన్ మీద కనబడుతుంది. నేను చేరిన కొత్తలో పందొమ్మిది మందిమి. కిందటి వేసవికి ఏడుగురం మిగిలాం. ఉద్యోగాలు పోయినవాళ్ళ కుర్చీలు ఎవరూ తియ్యలేదు. వాటి మధ్య కూర్చుంటే, భోజనాలు అయిపోయాక ఎవరో ఒక పంక్తిని లేపడం మర్చిపోయినట్టుండేది. కిటికీ అవతల దుమ్ము. సూర్యుడు కూడా తుడవని బల్బులా ఉండేవాడు.

కామేశ్వరరావు గారి పద్ధతి ఆఫీసులో ఎంత ప్రాణాలు తోడేసిందో తెలియాలంటే మా పని సంగతి కొంచెం చెప్పాలి. మేము రాసే ప్రోగ్రాము మనుషులకు అర్థమయ్యేలా ఉంటుంది. దాన్ని యంత్రానికి అర్థమయ్యే ముక్కలుగా మార్చి, ఆ ముక్కలన్నీ కలిపి కుట్టడాన్ని బిల్డ్ అంటాం. రెండోసారి బిల్డ్ చేసేటప్పుడు, మారిన ముక్కలను మాత్రమే కొత్తగా చేసి, మిగతావి పాతవే వాడేసుకుంటుంది. ఆరు నిమిషాల పని. అయితే ఎప్పుడో ఒకసారి, మారిన ముక్కను మారలేదనుకుని పాతదాన్నే కుట్టేస్తుంది. ఆ ఎప్పుడో ఒకసారికి భయపడి కామేశ్వరరావు గారు ప్రతిసారీ పాత ముక్కలన్నీ చెరిపించి, మొదటి నుంచీ చేయిస్తారు. దానికి మూడు గంటల పది నిమిషాలు. ఆ చెరపడాన్నే మేము క్లీన్ కొట్టడం అంటాం.

నేను ఉద్యోగంలో చేరిన రోజు ఆయన నన్ను ఏ ఊరని అడగలేదు, ఏం చదివావని అడగలేదు. కళ్ళజోడు పైకి తోసి, "క్లీన్ కొట్టావా?" అన్నారు.

నేను గడ్డం తడుముకుని, "పొద్దున్నే కొట్టాను సార్, స్నానం కూడా అయింది" అన్నాను.

పక్క సీట్లో ఉన్న మెహ్విష్ నోట్లో టీ కీబోర్డు మీద పడింది. మేము రాసినవాటిలో తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. ఆ కీబోర్డులో 'ఎస్' అక్షరం ఇప్పటికీ పనిచేయదు.

ఆయన పద్ధతి ఆఫీసుకే పరిమితం కాదు. వీధి చివర బాషా కరక్ చాయ్ కొట్టు ఉంది. బాషాది రాయచోటి.

"బాషా, ఆ పాలు పక్కన పెట్టి కొత్తవి పెట్టవయ్యా."

"కొత్తవే సార్, ఇప్పుడే ప్యాకెట్టు కత్తిరించినా."

"పాలు కొత్తవే. గిన్నె?"

చివరికి బాషా ఆయన కోసం వేరే గిన్నె పెట్టాడు. దాన్ని ఇంకెవరికీ వాడడు. అయినా ఆయన ఎదురుగా నిలబడి కడిగిస్తారు. మిగతా గిరాకీ అంతా వెనక నిలబడి, ఈయన హెల్త్ ఇన్‌స్పెక్టరేమోనని భయపడి తప్పుకునేవాళ్ళు.

రోజూ పొద్దున్నే ఫోన్లో వచ్చిన సందేశాలన్నీ చెరిపేస్తారు. అందువల్ల రాత్రి ఆయన అడిగినదానికి మనం తెల్లారి 'అలాగే సార్' అని జవాబిస్తే, వెంటనే ఫోన్ మోగుతుంది. "అలాగే అన్నావు, దేనికోయ్?" మనకూ గుర్తుండదు. అలా ఇద్దరం ఒప్పుకున్న పనులు, ఏమిటో తెలియక ఆగిపోయినవి చాలా ఉన్నాయి.

ఒకసారి ఉమ్ సలాల్‌లో ఎవరిదో తోట చూడ్డానికి కుటుంబాలతో బయల్దేరాం. బయల్దేరే ముందు ఆయన కారు డిక్కీ మొత్తం ఖాళీ చేసి తుడిచారు. సగం దారిలో టైరు పంక్చరైంది. డిక్కీ తీస్తే అద్దంలా మెరుస్తోంది. స్టెప్నీ లేదు.

"స్టెప్నీ ఏదండీ?" అన్నారు అనంతలక్ష్మి గారు.

"పాతది ఎందుకని ఇంట్లో పెట్టాను."

"నన్ను తెచ్చారు, అదే గొప్ప" అని ఆవిడ గొడుగు విప్పుకుని రోడ్డు పక్కన నిలబడింది.

ఇలా నవ్వుకుంటూనే ఆ వేసవిలోకి వెళ్ళాం. జులైలో ఇంకో లిస్టు వస్తుందన్నారు. ఏడుగురిలో ఎవరు అన్నది తెలియదు. ప్రింటర్ చప్పుడైతే అందరం తలెత్తేవాళ్ళం. మా మేనేజరు ఫసీయుద్దీన్‌ది హైదరాబాదు, టోలీచౌకీ. మామూలుగా వచ్చి బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్పే మనిషి, తన గదిలోంచి బయటికి రావడం మానేశాడు. మా ఆవిడ ప్రతిమకు ఏడో నెల. రక్తపోటు ఎక్కువగా ఉంది, విమానం ఎక్కకూడదన్నారు డాక్టర్లు. నా ఉద్యోగం పోతే వీసా పోతుంది. వీసా పోతే మేము ఎక్కాల్సింది విమానమే. ఇది మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోనందువల్ల ఇల్లంతా అదే ఉండేది.

అప్పుడే అల్ రువైస్ రేవు దగ్గర గోదాముల పని మొదలైంది. అల్ ఖోర్ క్యాంపు నుంచి నలభై మంది అక్కడికి వెళ్ళాలి. అంతకుముందు వాళ్ళు చేసిన సైటు ఇవతల ఏడు కిలోమీటర్ల దూరంలో ఉంది, పని అయిపోయి గేటుకు తాళం వేశారు. మేము చేయాల్సింది చిన్న మార్పు. పాత గేటు తీసేసి కొత్త గేటు పెట్టాలి. శనివారం పొద్దున నుంచి అమలు.

గురువారం మధ్యాహ్నం మూడింటికి మార్పు రాయడం పూర్తయింది. కామేశ్వరరావు గారు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "క్లీన్ కొట్టి చెయ్యి" అన్నారు. ప్రతిమకు అయిదింటికి స్కానింగు. క్లీన్ కొడితే ఆరు దాటుతుంది. నేను గడియారం చూశాను. ఆరు నిమిషాల్లో చేసేసి, బస్సులకు పంపేసి వెళ్ళిపోయాను. స్కానింగులో బిడ్డ బాగుంది. ఆ సాయంత్రం నేను చాలా రోజుల తర్వాత హాయిగా అన్నం తిన్నాను.

శనివారం ఆఫీసుకు సెలవు. పన్నెండింటికి ఫోన్ మోగింది.

"నిరంజనూ, గురువారం క్లీన్ కొట్టావా?"

మూడేళ్ళలో మొదటిసారిగా, ఆ ప్రశ్నకు "కొట్టాను సార్" అనకుండా "ఏమైంది సార్?" అన్నాను.

"సరే. కిందకి రా, వస్తున్నాను" అన్నారాయన.

జరిగింది ఇది. వేసవిలో పది తర్వాత ఎండలో పని చేయించకూడదు. అందుకని వాళ్ళు తెల్లవారకముందే వెళ్ళి పదింటికి పని ఆపుతారు. పొద్దున ఫోర్‌మన్ వెంట ఉండి దారి చూపించాడు కాబట్టి బస్సు సరిగ్గానే వెళ్ళింది. పదింటికి తీసుకురావడానికి డ్యూటీ మారి, ఖాసీం అనే ఇంకో డ్రైవర్ ఒక్కడే బయల్దేరాడు. స్క్రీన్ మీద పాత గేటు ఉంది. అక్కడికి వెళ్ళాడు. ఎవరూ లేరు. ఇంకో బస్సులో వెళ్ళిపోయారనుకుని తిరిగి వచ్చేశాడు. అవతల నలభై మంది కొత్త సైటు ముందు నిలబడ్డారు. నీడకు ఇంకా రేకుల షెడ్డు వెయ్యలేదు. బస్సు ఇంకా పాత గేటు దగ్గర ఉండగానే వాళ్ళు క్యాంపుకు ఫోన్ చేశారు.

"బస్సు రాలేదు."

"వచ్చింది. మీ ముందరే ఉందని స్క్రీన్ చూపిస్తోంది."

"మాకు కనబడతలేదు సార్."

"సరిగ్గా చూడండి."

రెండు గంటలు. తెచ్చుకున్న నీళ్ళు మొదటి గంటలోనే అయిపోయాయి. పదకొండున్నరకు హన్మాండ్లు అనే ఆయన కింద పడిపోయాడు. అప్పటికి గానీ ఇంకో బస్సు కదల్లేదు.

కామేశ్వరరావు గారి కారులో ఉత్తరం వైపు వెళ్తున్నాం. ఇంట్లోంచి బయల్దేరే ముందే ఆయన పాతదంతా చెరిపేసి కొత్త బిల్డ్ మొదలుపెట్టి వచ్చారు. తిడతారేమోనని చూశాను. తిడితే బాగుండు అనిపించింది. ఆయన ఒక్కటే అడిగారు.

"స్కానింగులో ఏమన్నారు?"

"బాగుందన్నారు."

"హమ్మయ్య" అని ఏసీ కొంచెం తగ్గించారు. అల్ ఖోర్ దాకా రోడ్డు పక్క ఇసుక, ఆకాశం ఒకటే రంగులో ఉన్నాయి.

ఆసుపత్రి దగ్గర నన్ను కారు పార్కు చేసి రమ్మని ఆయన లోపలికి వెళ్ళారు. నేను వచ్చేసరికి వార్డు తలుపు సగం తెరిచి ఉంది. మంచం మీద నలభై అయిదేళ్ళ మనిషి, చేతికి సెలైను, పగిలిన పెదాలు. కామేశ్వరరావు గారు వంగి, ఆయన చెయ్యి పట్టుకుని ఏదో చెబుతున్నారు. నాకు వినబడలేదు. లోపలికి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. గోడ పక్కన నిలబడి, అగ్నిప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసిన బోర్డును మూడు భాషల్లో చదివాను.

ప్రాణానికి భయం లేదన్నారు. రెండు రోజులు ఉంచుకుంటామన్నారు.

ఆదివారం మీటింగు పెట్టారు. గోదాములు కట్టించే కంపెనీ తరఫున ఒకాయన వచ్చాడు. ఆయనకు వివరాలు అక్కర్లేదు, పేరు కావాలి. కాగితం, పెన్ను ముందే తీసి పెట్టుకున్నాడు.

"గురువారం బిల్డ్ చేసింది ఎవరు?" అన్నాడు ఫసీయుద్దీన్.

"నేనే" అన్నారు కామేశ్వరరావు గారు. "క్లీన్ కొట్టడం మర్చిపోయాను."

సింహం శాకాహారినని చెప్పినా గది అంత బిత్తరపోయేది కాదు. మెహ్విష్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"కామేశ్ సాబ్... మీరా? మర్చిపోయారా?"

"వయసండీ. పైగా పన్ను నొప్పి."

"ఎవరు చేశారో మెషిన్‌లో రికార్డు ఉండాలి కదా?"

"ఉండేది. నిన్న కొత్త బిల్డ్ కోసం క్లీన్ కొట్టానుగా, దాంతో పోయింది."

నేను నోరు తెరిచాను. వెంటనే బల్ల కింద నా పాదం మీద ఒక బూటు దిగింది. అందులో కామేశ్వరరావు గారి ఎనభై నాలుగు కిలోలూ ఉన్నాయి. నోరు మూసుకున్నాను. ఆ బూటు పడకపోతే నిజం చెప్పేవాణ్ణా అని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగి చూసుకున్నాను. చెప్పేవాణ్ణనే అనుకోవాలని ఉంటుంది.

వచ్చినాయన పేరు రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే లిస్టు వచ్చింది. అందులో ఒక్కటే పేరు. ఇంకో ఏడాది పొడిగిస్తామని కామేశ్వరరావు గారికి ఇవ్వబోయిన కాగితం ఇవ్వలేదు. నెలాఖరుకు వెళ్ళిపొమ్మన్నారు.

మర్నాడు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. హాలు నిండా సూట్‌కేసులు. అనంతలక్ష్మి గారు పిల్లలకు సంగీతం చెప్పే చాప మీద ఇప్పుడు మడతపెట్టిన దుప్పట్లు ఉన్నాయి.

"తొమ్మిది మంది పిల్లలు నాయనా. ఇంకో ఏడాది ఉంటే వర్ణాలు పూర్తయ్యేవి" అంది ఆవిడ. అని, ఎక్కువ మాట్లాడానేమో అన్నట్టు లోపలికి చూసి గొంతు పెంచింది. "ఈయన సర్దుడు చూడు! పెట్టె నిండగానే మొత్తం తీసేసి మళ్ళీ మొదటి నుంచి. ఇది అయిదోసారి. ఈ లెక్కన పెట్టె మూత పడేలోగా వీసా అయిపోతుంది."

కామేశ్వరరావు గారు ఖాళీ పెట్టెను తడిగుడ్డతో తుడుస్తున్నారు.

"సార్, నేను రేపు వెళ్ళి నిజం చెప్పేస్తాను" అన్నాను.

"ప్రతిమకు ఎన్నో నెల?"

"ఏడు."

"విమానం ఎక్కకూడదు కదా. మరి ఇంక ఆ మాట ఎందుకు ఎత్తడం? ఆ మూల పట్టుకో, మరక పోవట్లేదు."

"మరక కాదు సార్, ఆ పెట్టె రంగే అంత."

"అయినా పట్టుకో."

పట్టుకున్నాను. ఇద్దరం కలిసి, లేని మరకను అరగంట తుడిచాం.

అయినా మర్నాడు ఫసీయుద్దీన్ గదికి వెళ్ళాను. రాసి తీసుకెళ్ళిన ఉత్తరం బల్ల మీద పెట్టాను. గురువారం చేసింది నేను, ఆయన కాదు అని. అతను చదివాడు. ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు మియా. కడిగిన చెంచా కడిగే మనిషి క్లీన్ కొట్టడం మర్చిపోయాడంటే బాషా కూడా నమ్మడు."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

"నేను నీ మాట పైకి పంపితే ఏమవుతుందో తెలుసా? ఒకటికి రెండు పేర్లు. ఆయన్ను వెనక్కి తీసుకోరు, నిన్ను కూడా పంపేస్తారు. ఆయన్ను ఉంచమని నేను అడగకుండా లేను, రెండుసార్లు అడిగిన. అరబ్బీల మాఫీ అన్నరు, కుదరదని." కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. తర్వాత కంప్యూటరు తెర నా వైపు తిప్పాడు. "ఇది చదువు."

కామేశ్వరరావు గారి సర్వీసు రికార్డు. పద్నాలుగేళ్ళది. పొగడ్తలు పక్కన పెడితే, తప్పుల కింద మూడు ఉన్నాయి. మూడూ ఒకటే వాక్యం. బిల్డ్‌కు ముందు క్లీన్ చేయడం మర్చిపోయారు. మూడోది నాది. రెండోది ఆరేళ్ళ కిందటిది.

"అది మెహ్విష్" అన్నాడు ఫసీయుద్దీన్. "ఒక రోజంతా బస్సులు గంట ఆలస్యంగా తిరిగినయ్."

"మొదటిది?"

"పదమూడేళ్ళ కింద. ఇక్కడ ఒక పోరడు కొత్తగా చేరిండు. నిఖా కోసం ఊరికి పోయే తొందరలో క్లీన్ కొట్టలేదు." తన చొక్కా గుండీ మీద వేలు పెట్టి చూపించుకున్నాడు. "నేనూ నీ లాగే పోయి ఆయన్ను అడిగిన. ఎందుకు సార్ మీ మీద వేసుకున్నరు అని. పాతది అంటుకుని ఉంటే కొత్తది సరిగ్గా రాదోయ్, పోయి పెళ్ళి చేసుకో అన్నరు. నేను బిల్డ్ గురించి చెబుతున్నరేమో అనుకున్న. అర్థం కావడానికి నాకు రెండేండ్లు పట్టింది."

ఈ దేశంలో క్లీన్ కోసం అంతమంది ప్రాణాలు తోడేసిన మనిషి ఇంకొకరు లేరు. కంపెనీ కాగితాల ప్రకారం మాత్రం, పద్నాలుగేళ్ళలో క్లీన్ మర్చిపోయిన ఇంజనీరు కూడా ఆయనొక్కరే. నాకు నవ్వొచ్చింది. ఫసీయుద్దీన్‌కూ వచ్చింది. మేనేజరు గదిలోంచి నవ్వు వినబడి చాలా నెలలైంది. బయట అందరూ తలలెత్తి చూశారు.

ఉత్తరాన్ని అతను సొరుగులో పెట్టుకున్నాడు. కానీ ఆ ఉత్తరం చేరాల్సిన మనిషి ఇంకొకాయన ఉన్నాడని నాకు అప్పటికి తెలిసింది.

శుక్రవారం ఒక్కణ్ణే అల్ ఖోర్ క్యాంపుకు వెళ్ళాను. హన్మాండ్లు ఆసుపత్రి నుంచి వచ్చి మంచం మీద కూర్చుని ఊరికి ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆయనది జగిత్యాల వైపు పల్లె.

"మంచిగనే ఉన్న గంగామణీ... అరే, దుబాయ్ కాదే, ఖతార్. పదకొండేండ్ల సంది చెప్తున్న... ఆఁ, తిన్న, తిన్న." ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు. "ఎవల కోసం సార్?"

"మీ కోసమే. ఆ రోజు మీ బస్సు దారి తప్పింది నా వల్ల. చేయాల్సిన పని తొందరలో చేయకుండా వదిలేశాను. తప్పు నాది. చెప్పాలని వచ్చాను."

చెప్పాక ఆయన ఏమన్నా సరే పడాలని తల దించుకుని నిలబడ్డాను. మెల్లగా తలెత్తాను. హన్మాండ్లు నన్ను కింది నుంచి పైకి అనుమానంగా చూస్తున్నాడు.

"ఆగు సార్. మొన్న శనివారం దవాఖానల పెద్దసారు ఒకాయన వచ్చి చెయ్యి వట్టుకొని తప్పు నాదే తమ్మీ, నాదే అన్నడు. బుధవారం ఆ సారే మళ్ళ వచ్చిండు, మళ్ళ గదే మాట. నిన్న డ్రైవర్ ఖాసీం వచ్చి నేను దిగి చూడాల్సింది భాయ్ అని ఏడ్సిండు. ఇయ్యాల నువ్వొచ్చి నాది అంటున్నవ్."

పక్క మంచాల వాళ్ళు ఇటు తిరిగారు. హన్మాండ్లు పగిలిన పెదాలతో జాగ్రత్తగా నవ్వాడు.

"పదకొండేండ్లల్ల నా తోటి తప్పయిందని ఒక్కడు అనలే. ఇప్పుడు వారంల ముగ్గురు! మీ ఆఫీసుల తప్పుకు గింత గిరాకున్నదా సార్? కూసో. ఎవలిదో తర్వాత తేల్చుకుందురు గని, ముందుగల్ల చాయ్ తాగు."